వాలిన రెప్ప

ఆఖరి గేరు బండిని తుక్కు యార్డుకు తోలుకెళ్ళే పని అరకన్నుకే పడింది. ఎవరో ఏరికోరి ఇచ్చిన గౌరవం కాదది. మిగతా డ్రైవర్లంతా ఎప్పుడో కరెంటు బస్సులకు మారిపోయారు. గేరు రాడ్డు ముట్టుకుంటే చేతికి మసి అంటుతుందేమోనన్నట్టు పాత బండికి దూరదూరంగా తిరుగుతున్నారు. దాన్ని ఇంకా నడుపుతున్నవాడు డిపో మొత్తానికి అతనొక్కడే.

పుట్టుకతోనే అతని ఎడమ రెప్ప సగానికి వాలి ఉంటుంది. చూసేవాళ్ళకు ఎప్పుడూ కునికిపాట్లు పడుతున్నట్టో, దేన్నో గురిచూస్తున్నట్టో కనిపిస్తాడు. డిపోలో చేరిన వారంలోనే ఆ పేరు పడింది. మొదట్లో ఉడుక్కున్నాడు. తర్వాత పిలిస్తే పలికాడు. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడడు.

బండెక్కి, అలవాటుగా ఇంజను మూత మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. తాళం తిప్పితే రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. కండక్టరు సీట్లో స్పానర్ మామ కూర్చున్నాడు. డిపోలో అతను మెకానిక్కు; చేతిలో స్పానరు లేకుండా కన్నతల్లి కూడా గుర్తుపట్టదని అందరూ అంటారు. కొత్త బస్సులకు మెకానిక్కులతో పనిలేదు. ఏదైనా చెడితే ఒక పెట్టె ఊడదీసి ఇంకో పెట్టె బిగించడమే. అందుకని ఈ నెలతో మామ కూడా దిగిపోతున్నాడు.

"రెండో గేరు ఇంకా మొరాయిస్తోందా?" అని అడిగాడు మామ.

"మోకాలితో కాస్త తడితే పడుతుంది. చెప్పిన మాట వింటుంది, పాపం."

"పాపమట! కసాయి దగ్గరికి తోలుకెళ్తూ పాపం ఏంట్రా?"

యార్డులో పైకప్పులు పోయిన బస్సులు వాన చినుకుల కోసం పెట్టిన గిన్నెల్లా వరసగా పడి ఉన్నాయి. ఇద్దరు మనుషులు వచ్చి సీట్లు ఊడబెరికి బయటికి విసిరారు. మూడో మనిషి గ్యాసు మంట వెలిగించి, ముఖానికి తొడుగు దించుకుని, ముందు స్తంభం దగ్గర మొదలుపెట్టాడు. కప్పు మొట్టమొదట డ్రైవరు సీటు మీదికే వంగింది. అరకన్ను తాళం పట్టుకుని అక్కడే నిలబడి ఉంటే, "దాన్నేం చేసుకుంటావన్నా, అందులోనే పారెయ్" అన్నాడు మంట పట్టుకున్నవాడు. పారేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ కొత్త బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నారు. చాలాసేపటికి స్పానర్ మామ, "ఇది కదులుతోందా, ఆగిందా?" అన్నాడు.

"కదులుతోంది మామా."

"రేపట్నుంచి నీ బతుకు దీన్లోనేగా?"

"దీన్లోనే. నేర్పించారుగా. రెండే పెడళ్ళు. చిన్నపిల్లాడైనా నడుపుతాడు."

"నడపటం సంగతి కాదురా," అని మామ ముందువైపు చూపించాడు. స్టీరింగు పైన, మిరియపు గింజంత నల్లటి కెమెరా ఒకటి డ్రైవరు ముఖంలోకి చూస్తోంది. దాని కింద పచ్చదీపం వెలుగుతోంది. "అది నిన్ను నడపనివ్వాలిగా."

*

మర్నాడు పొద్దున అరకన్ను బండి బయటికి తీసి రెండో స్టాపు చేరాడో లేదో, సీటు కింద ఏదో పురుగు పాకినట్టు జరజరమంది. పచ్చదీపం ఎర్రబడింది. బస్సంతా వినబడేలా ఒక ఆడగొంతు, తేనె పూసినంత మర్యాదగా పలికింది:

"డ్రైవరు గారూ, మీరు అలసిపోయినట్టున్నారు. దయచేసి అప్రమత్తంగా ఉండండి."

నేర్పించిన బండిలో ఈ గొంతు లేదు. ఎవరితోనన్నా చెబుతోందేమోనని అరకన్ను పక్కకు చూశాడు. వెనక ఎవరో నవ్వారు. "మా ఆవిడ కూడా నన్నింత మర్యాదగా నిద్రలేపదు!" అన్నాడొకాయన. బస్సు బస్సంతా నవ్వింది. అతనూ నవ్వాడు.

మార్కెట్టు దాటేలోపు ఆ గొంతు మళ్ళీ పలికింది. కోర్టు దగ్గర ఇంకోసారి. అతను నిటారుగా కూర్చున్నాడు. కనుబొమలు నుదుటి మీదికి లాగి పట్టుకుంటే రెప్ప కొంచెం లేస్తుంది. దీపం పచ్చబడుతుంది. ఎంతసేపని లాగి పడతాడు? నుదురు వదలగానే సీటు కింద పురుగు పాకుతుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆసుపత్రి స్టాపులో చంకన బిడ్డతో ఎక్కినావిడ ముందుకొచ్చి అతని ముఖంలోకి తొంగిచూసింది.

"బాబూ, ఆపు. నేను దిగిపోతా."

"నేను నిద్రపోవట్లేదమ్మా. నా కన్నే అంత."

"ఏమో బాబూ. నువ్వు ఆపు."

రోజూ అతని బండిలోనే వెళ్ళే రిటైరైన మాస్టారు ఒకాయన లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఈ మనిషిని నేను ఏళ్ళ తరబడి చూస్తున్నాను. కునుకు సంగతి దేవుడెరుగు, గతుకు కూడా తెలియనివ్వడు. అది పుట్టుకతో వచ్చిన కన్ను. ఆ గొంతుకేం తెలుసు!" అని గట్టిగా చెప్పాడు. ఆవిడ దిగిపోయింది. ఆవిడ వెనక ఇంకో నలుగురు దిగారు. తర్వాతి స్టాపులో మాస్టారు కూడా సంచీ సర్దుకుని లేచాడు. ఆయన దిగాల్సిన స్టాపు ఇంకా చాలా దూరం.

"కాస్త నడిస్తే ఒంటికి మంచిదిలే," అన్నాడు అరకన్ను వైపు చూడకుండా. "ఏమనుకోకు నాయనా."

చివరికి బండే తనంతట తాను నెమ్మదించి, రోడ్డు పక్కకు చేరి, ఆగిపోయింది. అతని కాలు ఇంకా పెడలు మీదే ఉంది. కాసేపటికి వేరే డ్రైవరు స్కూటరు మీద వచ్చి, తలవంచుకుని ఎక్కి, సీటు సరిచేసుకుని బండి తీశాడు. అరకన్ను తన బస్సులో తనే ప్రయాణికుడై, కిటికీ పక్కన కూర్చుని డిపోకు చేరాడు. దారి పొడుగునా ఆ గొంతు ఒక్కసారి కూడా పలకలేదు.

*

మేనేజరు గదిలో గోడకు కొత్తగా సున్నం వేస్తున్నారు. కంపెనీ పుట్టినప్పటి ఫొటోలు దించి బల్ల మీద పేర్చారు: గుర్రాలు లాగిన బండి, రేకు డబ్బాలాంటి మొట్టమొదటి బస్సు, మేడ బస్సు, అరకన్ను చేరిన ఏడాది కొన్న గేరు బస్సుల వరస. మొదటి బస్సు ముందు ఆ కాలపు డ్రైవరు, మెడ దాకా గుండీలు పెట్టుకుని, ఇంజను తిప్పే ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఫొటో తీసేటప్పుడు వెలుగు తగిలిందేమో, రెండు కళ్ళూ మూసుకుని ఉన్నాడు.

స్నేహితుడికి తోడుగా వచ్చిన స్పానర్ మామ ఆ ఫొటో ఎత్తి చూపించాడు. "చూశారా సార్? ఈ మహానుభావుణ్ణి ఇవాళ ఎక్కిస్తే డిపో గేటు కూడా దాటనివ్వదు మీ మిషను."

మేనేజరు నవ్వబోయి మానుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందుగా సెలవిచ్చేది ఆయనే. కెమెరాలు బిగించిన కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయిని పిలిపించాడు. ఆ అమ్మాయి అరకన్నును కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, కన్ను చూసి, "అయ్యో" అంది మనస్ఫూర్తిగా.

"ఈయన ఒక్కడికీ కొలత మార్చలేమా అమ్మా?" అన్నాడు మేనేజరు.

"మార్చొచ్చు సార్. చిటికెలో పని. కానీ అందరికీ ఒకటే కొలత అని బీమా వాళ్ళతో రాసుకున్నారు మీ వాళ్ళు. ఒక్క బండిలో మార్చినా మొత్తం డిపోకి బీమా ఆపేస్తారు."

"నా కన్ను బాగానే కనిపిస్తుందమ్మా," అన్నాడు అరకన్ను. "రెప్పే కదా వాలింది, చూపు కాదుగా."

"నాకు తెలుసు అంకుల్. చూపు ఎంతుందో అది చూడదు. రెప్ప ఎంత తెరుచుకుందో అదొక్కటే చూస్తుంది."

కంటి డాక్టరు కూడా ఆ మాటే అన్నాడు. మర్నాడంతా అక్షరాల పలక ముందు కూర్చోబెట్టి, దీపం వేసి, చుక్కలు వేసి, "చూపు నిక్షేపంగా ఉంది. మా కుర్ర డాక్టర్లకు లేదింత చూపు" అన్నాడు. రెప్ప ఎత్తే కండలో బలమే లేదట. చిన్నతనంలో అయితే వేరే సంగతి. ఇప్పుడు కోసి పైకి కుడితే అది మళ్ళీ కిందికి రాదు, కన్ను మూతపడక ఎండిపోతుంది. ఈ వయసులో ఎవరూ ఆ పని చెయ్యరు అని చెప్పి పంపించాడు.

డాక్టరు ఇచ్చిన కాగితం మేనేజరు బల్ల మీద, దించిన ఫొటోల పక్కన చేరింది. "ఇది నేను పైకి పంపుతాను," అన్నాడాయన. "కానీ ఊరికే ఆశ పెట్టుకోకు. వారం లోపల ఏ డ్రైవరైనా పచ్చదీపంతో బండి నడపలేకపోతే సీట్లోంచి తీసెయ్యమన్నారు. కడుగుడు షెడ్డులో ఖాళీ ఉంది. లేదంటే ఇంటికి."

*

అరకన్ను భార్య ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో ఆయా. రోజంతా జనం గాయాల మీంచి పట్టీలు నొప్పి తెలియకుండా ఊడదీయడం, మళ్ళీ అతికించడం ఆమె పని. ఆ సాయంత్రం అతను సంగతి చెబుతుంటే, ఆమె అతని ముఖం వైపే చూస్తూ చేతిలోని బట్టలు మడతపెట్టింది. కాలేజీలో చదివే కూతురు పక్కనే కూర్చుని వింది. చిన్నప్పుడు ఆ పిల్ల తండ్రి ఒళ్ళో ఎక్కి, బొటనవేలితో రెప్ప పైకెత్తి, "నాన్నా, కొట్టు సగమే తెరిచావు, పూర్తిగా తెరువు" అని ఆడుకునేది.

"కడుగుడు షెడ్డు అంటే చలికాలం ఎట్లా నాన్నా? నీకసలే పడదు," అంది కూతురు.

"బస్సులకు పడ్డది నాకు పడదా?"

భార్య లేచి లోపలికెళ్ళి చిన్న పట్టీ చుట్ట తెచ్చింది. కాగితంలా పల్చగా, చర్మం రంగులో ఉంది. "ముసలాళ్ళ చర్మానికి వేసేది. లాగినా పొర లేవదు," అంది. అతన్ని దీపం కింద కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తి, వేలితో రెప్పను కనుబొమ వైపు జరిపి, సన్నటి పట్టీ ఒకటి నిలువుగా అతికించింది. ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. పెళ్ళయినప్పటి నుంచీ ఎరిగిన ముఖం ఒక్కసారిగా కొత్తగా, బెదిరిపోయినట్టు ఆమె వైపు చూస్తోంది.

"ఏమే, అంత భయంగా ఉన్నానా?"

"భయంగా కాదండీ. ఎవరో పరాయి మనిషి ఇంట్లోకొచ్చి కూర్చున్నట్టుంది," అంది. తర్వాత కూతురికి వినబడకుండా, "రెప్ప కొట్టుకోడానికి వీలవుతుందా?" అని అడిగింది.

"కుడి కంటి రెప్ప కొట్టుకుంటోంది. అది చాల్లే."

*

చాలినట్టే కనిపించింది. మొదటి రోజు బండి తీసిన దగ్గర్నుంచి దింపేదాకా దీపం పచ్చగానే ఉంది. ఆ ఆడగొంతు నోరు మెదపలేదు. మాస్టారు ఎక్కి, గొంతు కోసం చెవులు రిక్కించి, అది పలక్కపోయేసరికి ముందు సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. "నేను చెప్పలా? మిషన్లకు కూడా అలవాటు పడాలి నాయనా," అన్నాడు. అరకన్ను ముఖం తిప్పకుండా తలూపాడు. టోపీ అంచు కిందికి లాక్కోవడం వల్ల పట్టీ ఎవరి కంటా పడలేదు.

మధ్యాహ్నానికి కంట్లో ఇసక పోసినట్టయింది. ఎండ ఎదురుగా వచ్చే దారిలో మంట మొదలైంది. నీళ్ళు కారి చెంప మీదికి జారాయి. విచిత్రమేమిటంటే, ఎడమ కన్ను మండితే కుడి కన్ను కూడా దానికి తోడబుట్టినట్టు చెమ్మగిల్లేది. తుడుచుకునేలోపు ఎదుటి బండ్ల దీపాలు నాలుగు వైపులా ముళ్ళు మొలిచిన చుక్కలయ్యేవి. స్టాపుల్లో తలుపులు తెరిచినప్పుడల్లా జేబురుమాలు కంటికి అద్దుకునేవాడు. సాయంత్రం ఇంటికెళ్తే భార్య మందు చుక్కలు వేసి, గుడ్డ తడిపి కంటి మీద కప్పేది. తెల్లవారి మళ్ళీ కొత్త పట్టీ.

రెండో రోజు కన్ను ఎర్రబడింది. మూడో రోజు ఉబ్బింది. అయినా దారి అతనికి కరతలామలకం. ఎక్కడ గుంత ఉందో, ఏ మలుపులో రిక్షాలు అడ్డంగా నిలబడతాయో, కోర్టు దగ్గర జనం ఏ వేళకు రోడ్డు దాటుతారో అన్నీ ఒంట్లో ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో అతను బండిని కళ్ళతో నడపలేదు. అలవాటుతో నడిపాడు. ఆ మాట తనకు తాను కూడా చెప్పుకోలేదు.

డిపో గోడ మీద కొత్తగా పెట్టిన తెరలో ఏ డ్రైవరు ఎంత బాగా నడిపాడో రోజూ చూపిస్తారు. నాలుగో రోజు పొద్దున అన్నిటికన్నా పైన అరకన్ను ముఖం ఉంది. కింద పచ్చ గుర్తు. పెద్దగా తెరుచుకున్న రెండు కళ్ళు. స్పానర్ మామ దాని కింద నిలబడి చాలాసేపు చూసి, "ఎవడ్రా వీడు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మామ నవ్వలేదు.

ఆ రోజే, పొద్దెక్కాక, కోర్టు దాటిన తర్వాతి వంపులో ఒక పనివాడు రోడ్డు అంచున గొంతుక్కూర్చుని తెల్ల గీత వేస్తున్నాడు. వెనక ఎర్రజెండా పాతారు. అడ్డంగా కర్ర కూడా పెట్టారు. ఇవేవీ నిన్నటి దాకా అక్కడ లేవు. అరకన్ను ఒంట్లో ఉన్న దారిలో లేవు. అతనికి కనిపించిందల్లా ఎడమవైపు నీళ్ళలో ఈదుతున్న తెల్లటి మెరుపొకటి. ఎండ అనుకున్నాడు. స్టీరింగు ఎప్పటిలాగే వంపుతో పాటు ఒదిగింది. కర్ర విరిగింది. రేకు డబ్బా నలిగిన చప్పుడయింది.

బండి ఆగింది. అతనే ఆపాడో, కాళ్ళే ఆపాయో తెలియదు. పట్టీని ఒక్క గుంజు గుంజి పీకేసి, కళ్ళు తుడుచుకుని, అద్దంలో చూశాడు. పనివాడు రోడ్డు మీద వెల్లకిలా పడి, మోచేతుల మీద లేస్తున్నాడు. మోకాళ్ళు ఛాతీకి ముడుచుకుని ఉన్నాయి. చేతిలో కుంచె ఇంకా అలాగే ఉంది. లేచి కూర్చుని మొదట ఎడమ పాదాన్ని, తర్వాత కుడి పాదాన్ని చేత్తో తడిమి చూసుకున్నాడు. మళ్ళీ ఎడమ పాదాన్ని తడిమాడు. అవి తనవేనని నమ్మకం కుదరనట్టు.

అరకన్ను దిగి పరుగెత్తుకెళ్ళి చంకల కింద చేతులు వేసి లేపాడు. ఆ మనిషి బక్కపల్చగా ఉన్నాడు.

"జెండా పెట్టానుగా అన్నా," అన్నాడు. కోపం లేదు, ఊరికే అడుగుతున్నాడు. "ఇంత జెండా పెట్టానుగా."

"పెట్టావు."

"హారనైనా కొట్టలేదు."

అరకన్ను కిందికి వంగాడు. వాడి పిక్కల మీద చిందిన రంగును తన జేబురుమాలుతో తుడవబోయాడు. రంగు ఇంకా పులుముకుంది. "వదిలెయ్యన్నా, అది కిరసనాయిలుకి గానీ పోదు," అన్నాడు పనివాడు. అలా అని, నలిగిన డబ్బాను తీసుకుని, సొట్ట తీయొచ్చేమోనని అటూ ఇటూ తిప్పి చూడటం మొదలుపెట్టాడు.

బస్సులో కొందరు కిటికీల్లోంచి చూశారు. కొందరు ఫోన్లలోంచి తల ఎత్తలేదు. ఇంతసేపూ స్టీరింగు మీద దీపం పచ్చగానే వెలుగుతోంది. అరకన్ను ఎక్కి, సీట్లో కూర్చుని, శుభ్రంగా కనిపిస్తున్న రోడ్డు వైపు చూశాడు. జెండా, విరిగిన కర్ర, ఆ మనిషి కాలి వేళ్ళ మధ్య తెల్లరంగు, అన్నీ కనిపించాయి. సీటు కింద పురుగు పాకింది.

"డ్రైవరు గారూ, మీరు అలసిపోయినట్టున్నారు."

జేబులో ఇంకో పట్టీ ఉంది. అతను దాన్ని బయటికి తియ్యలేదు. అందర్నీ అక్కడే దింపి, వెనక వచ్చే బస్సెక్కించి, ఖాళీ బండిని డిపో వైపు తిప్పాడు. ఆ గొంతు దారంతా మర్యాదగా బతిమాలుతూనే ఉంది. బండి గేటు ముందు ఆగిపోయింది. ఎడమ ముందు చక్రం తిరిగినంత మేరా రోడ్డు మీద తెల్లటి మచ్చలు పడ్డాయి.

*

"నాలుగు రోజులు బంగారంలా నడిపావు," అన్నాడు మేనేజరు. గోడ సున్నం ఆరిపోయింది. ఫొటోలు మాత్రం మళ్ళీ తగిలించలేదు. "చివర్లో ఏమైంది? ఊడిపోయిందా?"

అరకన్ను తలెత్తాడు. "ఏంటి సార్ ఊడేది?"

మేనేజరు బల్ల మీది పెన్నును అటు జరిపి ఇటు జరిపాడు. "అదే. ఊడితే ఇంకోటి అతికించుకోవాల్సింది. బండి ఆపడం దేనికి?"

"మీకు తెలుసా సార్?"

"నాకేం తెలియదు. తెలుసుకోవాల్సిన పనీ లేదు. పైవాళ్ళు పచ్చదీపం అడిగారు, నువ్వు పచ్చదీపం చూపించావు. ఈ వారం మన డిపో అన్ని డిపోలకన్నా పైనుంది. నీ డాక్టరు కాగితం పైకి పంపాల్సిన అవసరం కూడా లేకుండా పోయింది, సంతోషించాను."

అరకన్ను నిలబడే చెప్పాడు: వంపు, జెండా, డబ్బా, ఆ మనిషి పాదాలు తడుముకోవడం. మేనేజరు లేచి తలుపు దగ్గరికేసి వచ్చాడు.

"దెబ్బ తగిలిందా?"

"లేదు."

"ఎవరన్నా కంప్లయింటు ఇచ్చారా?"

"లేదు సార్. కానీ నాకు కనపడలేదు. నాలుగు రోజులుగా కనపడట్లేదు. అది పచ్చగా ఉన్నంతసేపూ నేను గుడ్డివాణ్ణే."

"ఈ మాట నేను వినలేదు," అన్నాడు మేనేజరు నెమ్మదిగా. మొండిగా అనలేదు, బతిమాలుతున్నట్టు అన్నాడు. "నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. రెండు రోజులు సెలవు తీసుకో. కన్ను తగ్గాక రా. ఈసారి మధ్యమధ్యలో ఊడదీసి విశ్రాంతి ఇచ్చుకుందువుగాని."

"నన్ను షెడ్డుకు పంపండి సార్."

"ఒకసారి సీటు దిగితే మళ్ళీ ఎక్కించరు. మిషను దింపితే అది వేరు. నీ అంతట నువ్వు దిగితే నీ తరఫున మాట్లాడేవాడుండడు."

"ఇప్పుడు మాత్రం ఎవరు మాట్లాడారు సార్?" అన్నాడు అరకన్ను.

ఇంటికెళ్ళి చెబితే భార్య పొయ్యి ముందు నిలబడిపోయింది. "నా చేత్తో నేనే అతికించానండీ," అంది.

"నీ చెయ్యేం చేసింది? నడిపినవాణ్ణి నేను."

"జనం పుళ్ళు మానడానికి అతికించే చెయ్యి," అంది ఆమె.

*

కడుగుడు షెడ్డులో పని పెద్ద కష్టమేమీ కాదు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో నీళ్ళ గొట్టం. బస్సు ఒక వైపు నుంచి వస్తుంది, తడిసి, రెండో వైపు నుంచి పోతుంది. కెమెరా అద్దాన్ని మాత్రం మెత్తటి గుడ్డతో విడిగా తుడవాలి, గీతలు పడకూడదు. ఆ పని అరకన్ను జాగ్రత్తగానే చేశాడు. తుడుస్తున్నప్పుడు ఎదురుగా సీట్లో ఎవరూ లేరు గనక అది ఏమీ అనేది కాదు.

మూడో రోజు మధ్యాహ్నం, భోజనాల వేళ, ఒక కుర్ర డ్రైవరు షెడ్డులోకి వచ్చాడు. ఈ మధ్యే పెళ్ళయింది గనక డిపోలో అందరూ పెళ్ళికొడుకని పిలుస్తున్నారు. ముందు రోజు పొద్దున ఎక్కినవాడు, ఎవరో రాలేదని రాత్రీ నడిపి, మళ్ళీ ఇవాళ పొద్దున్నుంచీ నడుపుతున్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. కుళాయి కింద తల పెట్టి, నీళ్ళు కారుతున్న ముఖంతోనే అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అన్నా, ఆ పట్టీ ఎట్లా వేసేవాడివి?"

అరకన్ను గొట్టం కట్టేశాడు. "ఏ పట్టీ?"

"దాచకన్నా. డిపో అంతటికీ తెలుసు. మందుల షాపులో కొన్నాను గానీ, చెమటకి జారిపోతోంది. నిలువుగా వెయ్యాలా, అడ్డంగానా?"

"నీ రెప్పలు బాగానే ఉన్నాయిగా."

"బాగానే ఉన్నాయి, నిలబడట్లేదు. పొద్దున్నుంచి ఆ ముండ రెండుసార్లు అరిచింది. ఇట్లాగే అరుస్తుంటే బండి ఆపేసి దింపేస్తారు."

"మరి నిజంగానే నిద్రొస్తోంది కదరా నీకు. అది అరిచేది అందుకే. ఇంటికెళ్ళి పడుకో."

పెళ్ళికొడుకు నవ్వాడు. "ఇప్పుడు ఇంటికెళ్తే రేపట్నుంచి ఇంట్లోనే పడుకోవాలన్నా."

అరకన్ను అతని భుజం పట్టుకున్నాడు. రోడ్డు మీద తెల్ల గీత వేసేవాడి గురించి చెప్పాడు. పెళ్ళికొడుకు విన్నాడు, మర్యాదగానే విన్నాడు, మధ్యలో ఒకసారి కళ్ళు మూతపడి తెరుచుకున్నాయి.

"వాడికేం కాలేదుగా?" అన్నాడు.

"కాలేదు."

"మరింకేం!" చేతి గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు.

అరకన్ను మేనేజరు గదికి వెళ్ళాడు. తాళం వేసి ఉంది. పైవాళ్ళతో మీటింగుకు వెళ్ళాడన్నారు. స్పానర్ మామ కోసం చూశాడు. మామ పెట్టె సర్దుకుని పొద్దున్నే వెళ్ళిపోయాడట. గేటు దగ్గరున్న కాపలావాడితో, "ఆ కుర్రాణ్ణి ఆపు, వాడు నిలబడలేకపోతున్నాడు" అని చెబితే, "దీపం పచ్చగా ఉన్న బండిని నేనెట్లా ఆపుతానన్నా, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు.

అతని వెనకనుంచి, టైర్ల కింద తడి నేల చిన్నగా చప్పుడు చేసింది. పెళ్ళికొడుకు బస్సు వస్తోంది. డిపో లోపలి స్టాండులో ఎక్కిన జనం నిండుగా ఉన్నారు. ముందద్దంలోంచి కుర్రాడి ముఖం కనిపించింది. కనుబొమల కింద రెండు వైపులా తెల్లటి ముక్కలు, మధ్యలో గుండ్రంగా తెరిచిపెట్టిన కళ్ళు. వాటి కింద పచ్చటి వెలుగు.

అరకన్ను రబ్బరు బూట్లతోనే రోడ్డు మధ్యకు పరిగెత్తి రెండు చేతులూ పైకెత్తాడు. గొంతు చించుకుని అరిచాడు. బస్సు అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. పెళ్ళికొడుకు అతన్ని చూశాడు. ఏమనుకున్నాడో, ముఖం విప్పార్చి నవ్వాడు. స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి ఊపి, రెండుసార్లు హారన్ కొట్టి, అతన్ని తప్పించి పక్కనుంచి గేటు దాటి వెళ్ళిపోయాడు.